చర్చ: ఎక్స్-15 పాత ఫోటోలకి ఏఐతో మెరుగులు దిద్ది ఆల్బమ్‌లో పెట్టొచ్చా?

నల్లరెక్క
అందరికీ నమస్కారం. ఈమధ్య మన గ్రూపులో ఎక్స్-15 (1960ల్లో నాసా ఎగరేసిన రాకెట్ విమానం) ఫోటోలు తెగ వస్తున్నాయి, నాకైతే పండగే, కానీ ఒక సంగతి తేల్చుకోవాలి. వాటిలో చాలావరకు నాసా భద్రపరిచినవి ఉన్నవి ఉన్నట్టు కాదు, ఏఐ యాప్‌లో వేసి నునుపు చేసి, పదును పెట్టి, బ్లాక్ అండ్ వైట్ వాటికి రంగులద్ది పెడుతున్నవి. నిన్న వచ్చిన ఒకటి చూడండి, దాన్ని పైకి మోసుకెళ్ళి వదిలే పెద్ద విమానం బి-52, దాని కుడి రెక్క కింద తగిలించిన ఎక్స్-15. ఒరిజినల్‌లో కాక్‌పిట్ దాటాక బాడీ చుట్టూ తెల్లగా ఒక పట్టీ ఉంటుంది, అంచులు గజిబిజిగా, కొన్నిచోట్ల పల్చగా. ఏఐ దాన్ని ఫిల్మ్ మీద మరక అనుకుందో ఏమో మొత్తం తుడిచేసి నల్లగా తళతళలాడించింది.

ఆ తెలుపు మంచు. లోపలున్నది లిక్విడ్ ఆక్సిజన్ ట్యాంకు, అది మైనస్ 183 డిగ్రీల్లో మరిగే సరుకు, పైకి వెళ్ళేదాకా ఆవిరైపోతూనే ఉంటుంది కాబట్టి బి-52లో ఇంకో ట్యాంకు పెట్టి దారిలోనే మళ్ళీ నింపేవాళ్ళు. కోత బొమ్మ, అదే కటవే డయాగ్రమ్, పక్కన పెట్టుకుంటే ముందు ఆక్సిజన్ ట్యాంకు, వెనక ఇంధనం, అంటే అమ్మోనియా ట్యాంకు కనిపిస్తాయి, మంచు పట్టిన చోటు సరిగ్గా ముందు ట్యాంకుకి ఎదురుగా ఉంటుంది. అంటే డయాగ్రమ్ చెప్పేదాన్ని ఫోటో సాక్ష్యంతో ఒప్పుకుంటోంది. మంచు తుడిచేశాక ఆ ఫోటోలో అందం తప్ప ఏం మిగిలింది? నా మట్టుకు రిఫరెన్స్ ఆల్బమ్‌లో ఇవి వద్దు. మీరేమంటారు?

రంగులపెట్టె
అన్నా ఆ ఫోటో పెట్టింది నేనే కాబట్టి నేనే మాట్లాడతా. మంచు పోవడం నాకూ ఇష్టం లేదు, కానీ ఒక్క ఫోటో పట్టుకుని మొత్తానికే వద్దనడం న్యాయం కాదు. ఆ స్కాన్‌లు ఎలా ఉంటాయో మీకు తెలుసు, గీతలు, దుమ్ము, వేలిముద్రలు, కొన్నయితే కాపీకి కాపీ తీసినవి, మొహం కూడా తెలీదు. మన ఊళ్ళలో స్టూడియోవాళ్ళు తాతల ఫోటోలకి టచప్ చేసి ఇచ్చేవాళ్ళు, ఎవరూ దాన్ని అబద్ధం అనలేదు కదా. పైగా నేను ఎవరి కోసం పెడుతున్నా? ఇంజనీరింగ్ పిల్లల కోసం, స్కూలు పిల్లల కోసం. 1963లోనే ఒక విమానం 107.9 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్ళి పొడిచెరువు మీద దిగిందని చెబితే ఎవరూ నమ్మట్లేదు, మసక ఫోటో చూపిస్తే ఇంకా నమ్మరు. క్లియర్‌గా ఉన్నది చూపిస్తే ఆగి చదువుతున్నారు, దాన్ని నడిపిన జో వాకర్ ఎవరని అడుగుతున్నారు. అది చిన్న విషయమా?

స్కేల్72
మోడల్స్ చేసేవాడిగా నా బాధ కూడా వినండి. ఎక్స్-15 అంటే ఒకే విమానం కాదు, మూడు కట్టారు, ఆ మూడూ ఏడాదికో రకంగా మారాయి, ఫోటోలో చిన్న చిన్న వాటిని బట్టే అది ఏది, ఎప్పటిదో పట్టుకోవాలి. వెనకనుంచి తీసిన ఫోటోలో ఎనిమిది నాజిల్స్ ఉన్నాయా, అయితే అది రెండు ఎక్స్‌ఎల్ఆర్-11 ఇంజన్లు బిగించిన రోజులది, 1961 ఫిబ్రవరి తర్వాత అలా ఎగరలేదు. ఒక్కటే పెద్ద నాజిల్ ఉంటే అది ఎక్స్‌ఎల్ఆర్-99, 57,000 పౌండ్ల థ్రస్ట్‌ది. ముక్కు ముందు పొడుగాటి కడ్డీ ఉంటే తొలి రోజులు, గుండ్రటి బంతి ముక్కు ఉంటే తర్వాతివి. కింది తోక రెక్క ఉందా లేదా అనేది ఇంకోటి, అది ఉంటే వెనక స్కీలకన్నా (చక్రాల బదులు ఉండే జారుడు పట్టీలు) కిందికి దిగేది కాబట్టి దిగేముందు ఊడగొట్టి పారాచూట్‌తో వదిలేవాళ్ళు, తర్వాత తర్వాత చాలా ఫ్లయిట్లు అసలు అది లేకుండానే చేశారు.

ఇప్పుడు ఏఐ ఏం చేస్తుందంటే తనకి ఎక్కువసార్లు కనబడిన ఎక్స్-15ని గుర్తుపెట్టుకుని, మసగ్గా ఉన్న ప్రతి తోకకీ అదే తోక తగిలిస్తుంది. నాకు పంపిన ఒక ఫోటోలో చిన్న బాడీకి ఎ-2 కిటికీలు వచ్చాయి! ఎ-2 అంటే రెండో విమానమే, 1962 నవంబర్ 9న మడ్ లేక్ అనే పొడిచెరువు దగ్గర పైలట్ జాక్ మెకే దిగేటప్పుడు పల్టీ కొట్టి పాడైతే, దాన్ని బాగుచేస్తూ 28 అంగుళాలు పొడుగు పెంచి, బయట ట్యాంకులు తగిలించుకునేలా మార్చి 1964లో మళ్ళీ ఎగరేశారు. కోడి గుడ్డు ఆకారం కిటికీలు అప్పటివి. 1960 ఫోటోలో అవి కనిపిస్తే ఆ బాడీ మీద ఇంక ఏం నమ్మి రివెట్ గీయను?

రంగులపెట్టె
మరి డ్రాయింగులు మాత్రం నిజమేనా బ్రో? మీరందరూ కళ్ళకద్దుకునే త్రీ-వ్యూ (పైనుంచి, పక్కనుంచి, ముందునుంచి గీసిన) డ్రాయింగుల్లో చాలావరకు కట్టబోయే విమానానివి, కట్టినదానివి కాదు. ముక్కు కడ్డీ ఒక దాంట్లో ఉంటుంది ఒక దాంట్లో ఉండదు, కింది రెక్క ప్రతిదాంట్లోనూ ఉంటుంది, లేకుండా ఎగిరిన ఫ్లయిట్లు ఎన్నో ఉన్నా సరే. గీసినాయన కూడా తనకి తెలిసింది నింపే గీశాడు. ఆయన నింపితే డాక్యుమెంట్, యాప్ నింపితే మోసమా?

స్కేల్72
తేడా ఉంది. డ్రాయింగ్ మీద తేదీ ఉంటుంది, రివిజన్ నంబరు ఉంటుంది, ఎవరు గీశారో చెక్ చేశారో సంతకాలుంటాయి. తప్పైతే ఎక్కడ తప్పయిందో వెనక్కి వెళ్ళి పట్టుకోవచ్చు. యాప్ నింపినదానికి వెనక్కి దారి లేదు. ఇంకో సంగతి, డ్రాయింగ్ చూసేవాడికి అది గీసిందని తెలుసు, ఫోటో చూసేవాడు అది జరిగిందనే చూస్తాడు.

నల్లరెక్క
నేను ఆగలేక మళ్ళీ రాస్తున్నా, ఎందుకంటే ఈ విమానం విషయంలో ఫిల్మ్ అనేది అలంకారం కాదు. 1967 నవంబర్ 15న మూడో ఎక్స్-15తో మైకేల్ ఆడమ్స్ 81 కిలోమీటర్ల దాకా వెళ్ళాడు, పైన ఉండగానే విమానం ముక్కు పక్కకి తిరుగుతూ పోయింది, ఆయనకది తెలిసినట్టు లేదు, కిందికి దిగేటప్పుడు మాక్ 5 (ధ్వనికి ఐదు రెట్ల వేగం) దగ్గర గింగిరాలు తిరిగి ముక్కలైపోయింది. ఆయన చనిపోయారు. ఎందుకిలా జరిగిందో తెలుసుకోడానికి కాక్‌పిట్‌లో డయల్స్ వైపు చూస్తున్న కెమెరా ముఖ్యం. కెమెరా దొరికింది కానీ ఫిల్మ్ డబ్బా లేదు. కెమెరాకన్నా డబ్బా తేలిక కాబట్టి గాలికి ఇంకా దూరం పోయి ఉంటుందని లెక్కేసి, ఆ వైపు మనుషుల్ని పెట్టి వెతికిస్తే నవంబర్ 29న ఎడారిలో దొరికింది. మీటర్లు సరిగ్గానే పనిచేస్తున్నా ఆయన విమానం తిరిగిపోవడాన్ని ఎందుకు గమనించలేదన్నదే దర్యాప్తులో అందర్నీ తొలిచిన ప్రశ్న, ఒక మీటర్ని ఇంకోటిగా చదువుకుని ఉంటారనీ, కళ్ళు తిరిగి ఉండొచ్చనీ చివరికి రాశారు.

ఇప్పుడు చెప్పండి, అలాంటి ఫ్రేమ్‌లో మసగ్గా ఉన్న ముల్లుని ఒక యాప్ ‘ఇక్కడ ఉండి ఉంటుంది’ అని షార్ప్‌గా గీసి ఇస్తే? మసకగా ఉండటం కూడా ఒక సమాచారమే, ‘ఇక్కడ తెలీదు’ అని నిజాయితీగా చెబుతుంది. ఒక మనిషి ప్రాణం పోయిన సంగతిలో ముల్లు ఎటు చూపిస్తోందో యాప్‌ని అడగలేం.

ల్యాబ్‌వాసన
ఇద్దరూ ఒకే సంచీలో రెండు వేరే వస్తువులు వేసి కొట్టుకుంటున్నారు అనిపిస్తోంది. ఫోటో ల్యాబ్‌లో చాలా ఏళ్ళు పనిచేశా కాబట్టి చెప్తున్నా, దుమ్ము తీయడం, వెలిసిన రంగు సరిచేయడం, కాంట్రాస్ట్ పెంచడం ఎప్పుడూ ఉన్న పనే, అందులో ఉన్నదాన్ని బయటికి తెస్తాం అంతే. లేనిది పుట్టించడం వేరే పని. గీత పెట్టాల్సింది అక్కడ.

అయితే రంగు సరిచేయడం కూడా అంత తేలికేం కాదు. పాత కలర్ ఫిల్మ్ చాలావరకు ఎర్రబారుతుంది, అందుకే స్కాన్ చేయగానే ఆటో కలర్ నొక్కేస్తాం, ఎరుపు పోతుంది. ఇప్పుడు 1967 ఎ-2 ఫోటోలు తీసుకోండి. వేడి తట్టుకోడానికి దానికి ఒక పూత పూశారు, ఆ పూత రంగు గులాబీ! ఉట్టి గులాబీ విమానంగా ఉన్న ఫోటోలు ఉన్నాయి. ఆ పదార్థం లిక్విడ్ ఆక్సిజన్ తగిలితే దెబ్బకి అంటుకునే ప్రమాదం ఉందని పైన తెల్లటి పొర ఇంకోటి వేశారు, అందుకే ఎగిరినప్పుడు తెల్లగా కనబడుతుంది. ఆటో కలర్ నొక్కితే నిజమైన గులాబీ కూడా ఫిల్మ్ జబ్బే అనుకుని చంపేస్తుంది. బ్లాక్ అండ్ వైట్ ఫోటోకి రంగేసే యాప్ సంగతి చెప్పక్కర్లేదు, గులాబీ విమానం ఉంటుందని దానికి ఎవరు చెప్పాలి?

అదే విమానం 1967 అక్టోబర్ 3న పీట్ నైట్ చేతిలో మాక్ 6.7 అందుకుంది, గంటకి 7,270 కిలోమీటర్ల పైమాట. దిగాక తీసిన ఫోటోలు ఒకసారి పెద్దది చేసి చూడండి. కింది రెక్కకి డమ్మీ రాంజెట్ (ఒక రకం జెట్ ఇంజన్) ఒకటి తగిలించి పంపారు, దాన్నుంచి పుట్టిన షాక్ వేవ్ వచ్చి తగిలిన చోట వేడి ఎంత పెరిగిందంటే ఇన్‌కొనెల్ (వేడి తట్టుకునే నికెల్ మిశ్రమలోహం) రేకుకి చిల్లులు పడ్డాయి, రాంజెట్ దారిలోనే ఊడిపోయింది. ఆ చిల్లుల అంచులు, కాలి నల్లబడ్డ పూత, అది ఏ దిక్కుకి చారలుగా సాగిందో, ఇవన్నీ చూస్తే గాలి ఎటునుంచి ఎటు పోయిందో కనబడుతుంది. ఇదే ఫోటో ఒక యాప్‌లో వేసి చూస్తే చారలన్నీ కలిపి మసి రాసినట్టు ఒకే నలుపు చేసింది, చిల్లుకి గుండ్రంగా చక్కటి అంచు ఇచ్చింది. ఆ విమానం ఆ తర్వాత మళ్ళీ ఎగరలేదు, అంటే ఆ రోజు ఏం జరిగిందో చెప్పడానికి మ్యూజియంలో వస్తువు, ఈ ఫోటోలు, రికార్డులు తప్ప ఇంకేం లేవు.

సూళ్ళూరుపేట
మా దగ్గర సంగతి కూడా ఒకటి చెప్తా. 2016 మే 23 పొద్దున ఏడింటికి శ్రీహరికోట నుంచి ఇస్రో వాళ్ళు ఆర్ఎల్‌వీ-టీడీ (మళ్ళీ మళ్ళీ వాడగలిగే వాహనం కోసం చేసిన పరీక్ష నమూనా) ఎగరేశారు కదా, రెక్కల విమానాన్ని రాకెట్ నెత్తిన పెట్టి, 65 కిలోమీటర్ల దాకా వెళ్ళి మాక్ 5తో తిరిగొచ్చి బంగాళాఖాతంలో పడింది. అది పడ్డాక చేతికి రాలేదు కాబట్టి ఉన్న కొద్ది ఫోటోలే దిక్కు. ఇప్పుడు దాని పేరు కొట్టి వెతికితే ఎవరో ఏఐతో చేయించిన బొమ్మలు ముందు వస్తున్నాయి, ఒక దాంట్లో స్పేస్ షటిల్ తోక, ఒక దాంట్లో పైలట్ కిటికీలు! లోపల మనిషే లేని బండికి కిటికీలేంటండీ. ఎక్స్-15కి వేల ఫోటోలున్నాయి కాబట్టి తప్పు పట్టుకునేవాళ్ళున్నారు, మనదానికి ఆ అవకాశం కూడా తక్కువ. అందుకే నేను గట్టిగా వద్దనే అంటాను.

రంగులపెట్టె
కిటికీల మాట విన్నాక నాకూ ఒళ్ళు మండింది, కానీ నా పాయింట్ వదలను. పిల్లలకి చూపించడానికి వేరే ఆల్బమ్ ఉండాలి, అందులో రంగులేసినవి ఉంటే తప్పేం లేదు, ప్రతి దాని కింద ఒరిజినల్ కూడా ఉండాలి. డయాగ్రమ్‌లకైతే నేను తెలుగులో పేర్లు రాసి పెడుతున్నా, ఆక్సిజన్ ట్యాంకు, అమ్మోనియా ట్యాంకు, స్కీలు, ముక్కు చక్రాలు అని, గీతలు మాత్రం ముట్టుకోవట్లేదు. దానిక్కూడా అభ్యంతరమా?

నల్లరెక్క
దానికి అభ్యంతరం ఎందుకు తమ్ముడూ, అది అసలు కావాల్సిన పని. గీత ముట్టుకోకుండా పేరు రాయడం, డ్రాయింగ్ తేదీ మూలన అలాగే ఉంచడం, ఇంతకన్నా ఏం అడుగుతాం. రిఫరెన్స్ ఆల్బమ్‌లో మాత్రం పుట్టించినవి వద్దు, ఇందులో నేను తగ్గను.

కొత్తగావచ్చా
ఇదంతా చదివి నా దగ్గరున్న ఒకటి తీశా, ఎక్కడ దొరికిందో గుర్తులేదు, ఏ యాప్‌లోనూ వేయలేదు. విమానం ఎండిపోయిన నేల మీద ఉంది, కాక్‌పిట్ వెనకాల నడుం విరిగినట్టు వంగి పొట్ట నేలకి ఆనింది, వెనక నాజిల్స్ చాలా ఉన్నాయి. ఇది ఆడమ్స్ గారి విమానమా?

స్కేల్72
కాదు, ఆడమ్స్‌ది గాల్లోనే ముక్కలైంది. నాజిల్స్ చాలా ఉన్నాయంటే ఎక్స్‌ఎల్ఆర్-11, నడుం విరిగిందంటే 1959 నవంబర్ 5, రెండో విమానం, స్కాట్ క్రాస్‌ఫీల్డ్. ఇంజన్లో పేలుడు జరిగి మంటొచ్చింది, ఇంధనం పూర్తిగా పారబోయకముందే బరువుతో రోజమండ్ పొడిచెరువు మీద దిగాల్సొచ్చింది, ముక్కు చక్రం నేలకి కొట్టుకోగానే బాడీ విరిగింది. ఆయనకేం కాలేదు. స్కాన్ అలాగే పెట్టండి, క్రాప్ చేయకుండా, అంచున నంబరేమైనా ఉంటే అది కూడా కనబడేలా.