తోలుకు బెజ్జం పెట్టే పనిముట్టును మీ వైపు ఏమంటారు?

అందరికీ నమస్కారం. అనంతపురం నుంచి రాస్తున్నా. తోలుపని నా వృత్తి కాదు, సరదా. ఆఫీసు నుంచి వచ్చాక పర్సులు, తాళాలకు తొడుగులు, ఎవరైనా మొహమాటపెడితే ఒక బెల్టు, ఇంతే నా సామ్రాజ్యం. ఇన్నాళ్లూ చేత్తోనే కుట్టాను. వేళ్లు కాయలు కాచాక, పెద్దమ్మ వాళ్లింట్లో గోనెసంచి కప్పుకుని పడున్న నల్ల కాలుమిషన్‌ను ఆటోలో వేసుకుని తెచ్చుకున్నా. వెనక వరండాలో ఒక మూల దానికే ఇచ్చేశాం. పక్కన ఒక బల్ల, బల్ల మీద నాపబండ, గోడకు చెక్క పలక, ఆ పలకకు మేకులు, మేకులకు సామాన్లు.

మా పాప ఇప్పుడిప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటోంది కాబట్టి ఒక్కో మేకు కింద సామాను పేరు తెలుగులో రాసి అంటిద్దామనుకున్నా. సూది, దారం, మైనం, కత్తెర, సుత్తి, ఉలి... ఇక్కడిదాకా చకచకా సాగింది. తర్వాతి మేకు దగ్గర ఆగిపోయా. చెక్కపిడికి మొనదేలిన ఇనుప పుల్ల ఉంటుంది చూడండి, తోలుకు బెజ్జం పెట్టేది, ఇంగ్లీషులో ఆల్ అంటారు, అది. నాలుగేళ్లుగా రోజూ పట్టుకుంటున్నా, "ఆ పొడిచేది ఎక్కడ పెట్టారు" అనడం తప్ప దాన్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు.

టవర్‌క్లాక్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనను అడిగాను. పని ఆపకుండానే "ఆరె అంటారప్పా" అన్నాడు. ఇంకేమైనా పేరుందా అంటే, "ఆరెకు ఇంకో పేరెందుకు" అని నన్నే ఎగాదిగా చూశాడు.

నాకు తెలిసి ఆరె అంటే చెట్టు, దాని ఆకుతో బీడీలు చుడతారు. ఈ ఆరె వేరేదా? తెలుగేనా? మీ వైపు ఇంకేమైనా అంటారా? పాప అడిగితే సరైన మాట చెప్పాలి కదా, అందుకే ఇక్కడ పెడుతున్నా.

కడప నుంచి ఒక మాస్టారు:

నాయనా, పెద్దాయన చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైన మాట. చెట్టు పేరు వేరు, ఇది వేరు, పలికేటప్పుడు కలిశాయంతే. అమరం, అంటే అమరసింహుడి సంస్కృత నిఘంటువు, దాని రెండో కాండలో పనిముట్లు వరసగా చెబుతూ రంపం తర్వాత "ఆరా చర్మప్రభేదికా" అంటాడు. చర్మాన్ని భేదించేది, అంటే బెజ్జం పెట్టేది. ఋగ్వేదంలో పూషుడనే దేవుడి చేతిలో ఉండేది కూడా ఈ ఆరా యే. చివరి దీర్ఘం మన నోట ఎత్వమైంది, అంతే. మనం మరిచిపోయినా ఆయన గూట్లో మాట భద్రంగా ఉంది. కుమ్మరికి సారె, చెప్పులు కుట్టేవారికి ఆరె. పాపకు రెండూ కలిపి చెప్పు, ప్రాస కుదిరింది, మరిచిపోదు.

కర్నూలు నుంచి ఒకాయన:

మంచి చర్చ. నాదొక సూచన. ఎలాగూ పేర్లు రాస్తున్నారు కాబట్టి మిషన్ మీద కూడా మిషన్ అని కాకుండా "చర్మసీవన యంత్రం" అని రాస్తే బాగుంటుంది. సీవనం అంటే కుట్టడం. పిల్లలకు మంచి మాటలు అలవాటవుతాయి.

ధర్మవరం నుంచి ఒక అక్క:

సార్, తప్పుగా అనుకోవద్దు, ఇరవై ఏళ్లుగా మిషన్ మీదే బతుకుతున్నా, రేపు ఎవరైనా వచ్చి "మీ సీవన యంత్రం ఖాళీగా ఉందా" అంటే నేను ముందు తలుపేసుకుంటా. మా దగ్గర "మిషన్" అని ఊరికే అంటే కుట్టుమిషన్ అనే అర్థం. "ఆ పిల్ల మిషన్ నేర్చుకుంటోంది" అంటే జాకెట్లు కుట్టడం నేర్చుకుంటోందని. పిండి పట్టేది మిల్లు, పుస్తకాలు వేసేది ప్రెస్సు. వీధిలో ఇన్ని మిషన్లుండగా ఆ పేరు దీనికొక్కదానికే రాసిచ్చేశారు, ఇప్పుడు తీసుకుంటామంటే ఎట్లా?

ఇంకొకటి, చర్మం అంటే డాక్టరు చూసేది. తోలు అంటే ఒలిచింది. అరటిపండుకు కూడా తోలే కదా, అరటి చర్మం అనం.

కడప మాస్టారు:

అమ్మా, నువ్వన్నది నిజం. వేమన కూడా "ఎలుక తోలు తెచ్చి" అన్నాడు గానీ చర్మం తెచ్చి అనలేదు. ఆయన సమాధి ఉన్న కటారుపల్లె మీ కదిరి వైపే కాబట్టి తీర్పు మీకే వదిలేస్తున్నా.

కర్నూలు ఆయన:

సరే, యంత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నా. 😀 కానీ "కుట్టు" అనే మాట చాలా సాదాగా ఉంది, సీవనానికి ఉన్న నిండుదనం దానికి లేదు. కుట్టు అంటే దారంతో రెండు గుడ్డలు కలపడం, అంతేగా.

అనంతపురం (ప్రశ్న అడిగినవాణ్ణి):

సార్, ఇక్కడ మీతో ఒప్పుకోలేను. రెండు వారాల క్రితం అయితే నేనూ అదే అనేవాణ్ణి. మిషన్ తెచ్చిన మొదటి ఆదివారం జరిగింది చెబుతా, కొంచెం పొడవవుతుంది, ఓపిక పట్టండి.

స్నేహితుడికని ఒక సంచికి పట్టీ కుట్టాను. సూదీ దారం అమ్మినాయన "ఎంత చిక్కగా కుడితే అంత గట్టి" అన్నాడు, నేనూ నమ్మేసి కుట్టు పొడవును మిల్లీమీటరున్నరకు తిప్పి టకటకటక కొట్టేశా. చూడటానికి ఎంత బాగుందంటే ఫోటో తీసి నలుగురికి పంపాను కూడా. మూడోరోజు పట్టీ ఊడొచ్చింది. దారం తెగలేదు. తోలే, కుట్టు వెంబడి, పోస్టాఫీసు స్టాంపు చింపినట్టు నిలువునా వచ్చేసింది. తేలు కుట్టిన దొంగలా ఆ ఫోటోలు ఒక్కొక్కటీ డిలీట్ చేసుకున్నా.

గుడ్డకు పోగులుంటాయి. సూది వాటిని పక్కకు తోసుకుని దూరుతుంది, పోగానే పోగులు మళ్లీ దగ్గరకొస్తాయి, తప్పు కుట్టి విప్పినా మచ్చ మిగలదు. తోలుకు పోగుల్లేవు. పొడిచిన బెజ్జం పొడిచినట్టే ఉండిపోతుంది, జన్మలో పూడదు. అందుకే తోలు సూది మొన గుండ్రంగా ఉండదు, సన్నని ఉలిలా పదునుగా ఉంటుంది, అది దూరదు, కోస్తుంది. బెజ్జాలు మరీ దగ్గరదగ్గరగా పడితే వాటి మధ్య మిగిలే తోలుకు బలముండదు. ఇప్పుడు మూడున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్లు పెడుతున్నా, అంటే అంగుళానికి ఆరేడు కుట్లు. చివర రెండుసార్లు వెనక్కి కుట్టడం కూడా మానేసి దారాలు లోపలివైపు లాగి ముడేస్తున్నా.

అప్పటి నుంచి నాకు అనిపిస్తోంది ఏమిటంటే, "కుట్టు"లో ముందున్నది కలపడం కాదు, పొడవడం. చూడండి, చెవులు కుట్టిస్తాం, ముక్కు కుట్టిస్తాం, అక్కడ ఏం కలిపాం? తేలు కుడుతుంది, దోమ కుడుతుంది, చీమ కుట్టినట్టైనా లేదంటాం. వీటిలో దారం ఎక్కడుంది? గుడ్డ కుట్టీ కుట్టీ మనం దారాన్నే చూస్తున్నాం, తోలు పట్టుకుంటే బెజ్జం కనిపిస్తోంది.

ధర్మవరం అక్క:

తమ్ముడూ, విస్తరాకు మరిచిపోయావే! మా అవ్వ మోదుగాకులు ఈనెపుల్లతో కుట్టేది. దారం లేదు, సూది లేదు, అయినా "విస్తర్లు కుడుతోంది" అనేవాళ్లం. పుల్లతో పొడవడం, విరవడం, మళ్లీ పొడవడం.

ఆదోని నుంచి ఒకాయన:

పొడవడానికి గుచ్చడం అనే మాట ఉంది కదా మరి. పూలు గుచ్చుతాం, ముల్లు గుచ్చుకుంటుంది. కుట్టూ గుచ్చూ ఒకటే అంటారా?

మా దగ్గర ఇంకో తమాషా ఉంది. కన్నడంలో కుట్టు హొలిగె, మిషన్‌ను హొలిగె యంత్ర అంటారు. చిన్నప్పుడు బళ్లారిలో మా మామ వాళ్ల వీధిలో ఆ బోర్డు చూసి, ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేసే మిషన్ వచ్చిందని అమ్మను లోపలికి లాక్కెళ్లాను. లోపల నలుగురు ఆడవాళ్లు లంగాలు కుడుతున్నారు. ఆ నిరాశ ఇప్పటికీ పోలేదు.

కడప మాస్టారు:

ఓళిగల సంగతికి చాలాసేపు నవ్వుకున్నాను.

గుచ్చడానికీ కుట్టడానికీ తేడా ఉంది. గుచ్చింది అక్కడే ఉండిపోవచ్చు, ముల్లు గుచ్చుకుని లోపలే విరుగుతుంది, పూవు దారం మీదే ఉంటుంది. కుట్టేది పొడిచి బయటికొస్తుంది. తేలు కొండి అంతే, సూదీ అంతే, ఆరే అంతే. అబ్బాయి చెప్పిన మాట నాకు నచ్చింది, తోలుపని తెలియని నేను నిఘంటువులో ఈ అర్థాలన్నీ వేరువేరు అంకెల కింద చదివి వదిలేసేవాణ్ణి.

తోలు మాటలు ఇంకా చాలా పోయాయి నాయనా. తోలును ఊనేవాళ్లు, అంటే పదును చేసేవాళ్లు, ఊనే తొట్టి లంద, అందులో వేసేది మన గుట్టల మీద పచ్చగా పూసే తంగేడు, దాని చెక్క. సన్నగా కోసిన తోలుపట్టీ వారు. ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిలబానకు కింద తోలు తొండం ఉండేది, బావి ఒడ్డున దాన్ని మళ్లీ మళ్లీ కుట్టించుకోవడం రైతుకు ఏటా ఉండే ఖర్చే. కరెంటు మోటార్లు వచ్చాక కపిలలు పోయాయి, వాటితో పాటు ఆ తొండం కుట్టే మాటలూ పోయాయి. తిత్తి, అంటే తోలుసంచి, ఆ మాట ఒక్కటి కొలిమి దగ్గర బతికుంది.

అనంతపురం:

మాస్టారూ, తిత్తి తీసుకున్నా. నేను చేసే పర్సులకు ఇక అదే పేరు. మా ఆవిడ "తిత్తిలో ఎంతుంది" అంటే వినడానికి బాగుంటుంది, ఉన్నదెలాగూ అంతే.

ధర్మవరం అక్క:

మా పక్కనే నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. మేకతోలు వెలుతురు ఆనేంత పల్చగా చేసి, నగలకూ చీర అంచులకూ చిన్న ఉలులతో చిల్లులు కొడతారు. దీపం వెనక పెడితే ఆ చిల్లులే ముత్యాలు. అక్కడ బెజ్జం కుట్టు కోసం కాదు, వెలుగు కోసం. మీ కుట్టు చర్చ చదువుతుంటే అది గుర్తొచ్చింది, ఊరికే చెప్పా.

తమ్ముడూ, ఇంతకీ నీ మిషన్ తోలును లాగుతోందా? కింద పళ్లు కిందిపొరను లాగుతాయి, పైన పాదం పైపొరను జారనివ్వదు, రెండు పొరలూ ఎగుడుదిగుడు అవుతాయి. మాకు రెగ్జిన్ కుట్టేటప్పుడే ప్రాణం పోతుంది.

అనంతపురం:

అక్కా, అచ్చం అదే గొడవ. తోలుకు ఇనుప పాదం అతుక్కుపోతుంది. నున్నటి తెల్ల టెఫ్లాన్ పాదం వేశాక కొంచెం నయం, కింది పళ్లతో పాటు పై పాదం కూడా నడిచే పెద్ద మిషన్లున్నాయి గానీ అవి నా సరదాకు మించిన ఖర్చు. గుండుసూదులు పెట్టను, పెడితే ఆ బెజ్జాలు కూడా శాశ్వతమే, అంచులకు కాస్త జిగురు పూసి క్లిప్పులు పెడతా. సూది 18వ నంబరు, దారం నైలాన్. రెండు పొరలూ కలిపి రెండు మిల్లీమీటర్లు దాటితే ఈ ముసలి మిషన్‌ను కష్టపెట్టను, ఆరె పట్టుకుని చేత్తోనే కుడతా. మూలలు తిరిగేచోట తొక్కుడు ఆపేసి చక్రం చేత్తో తిప్పుకుంటూ ఒక్కో కుట్టూ వేస్తా. మోటారు పెట్టించుకోమని అందరూ అంటున్నారు. కాలుమిషన్ అయితే నెమ్మదిగా పోతుంది, తోలుకు ఆ నెమ్మదే కావాలి, ఒక్క బెజ్జం తప్పు పడితే ముక్క మొత్తం పారేయాలి మరి.

ఆదోని ఆయన:

నాపబండ ఎందుకు? సుత్తి దెబ్బలకా?

అనంతపురం:

అవునన్నా. జిగురు పూసిన అంచులు అణగడానికి, కుట్టు వేశాక దాని మీద సన్నగా కొట్టడానికి. కింద చెక్క బల్ల ఒక్కటే ఉంటే ఎగురుతుంది, బండ బరువుకు దెబ్బ తోలులోకి పోతుంది. విదేశాల్లో దీనికోసం పాలరాయి పలకలు కొనుక్కుంటారట, మన వైపు ఇంటి వెనక పడుంటాయి. కాకపోతే బెజ్జాల ఉలి మాత్రం నేరుగా బండ మీద కొట్టకూడదు, మొన మొద్దుబారుతుంది, మధ్యలో మందపాటి ప్లాస్టిక్ పలక వేయాలి.

కర్నూలు ఆయన:

నాపబండకు అనంతపురం, కుట్టుకు ధర్మవరం, ఓళిగలకు ఆదోని. మా సీవనానికి ఒక్క ఓటూ రాలేదు. పర్లేదు. ఒక్కటి మాత్రం చెప్పండి, మిషన్‌కు ఆ "పాదం" అనే మాట మీరు ఎక్కడ పట్టారు? అది ఇంగ్లీషు ఫుట్‌కు తెలుగు చేసినట్టుంది.

ధర్మవరం అక్క:

😀 దొరికిపోయాను సార్. నేను షాపులో ఫుట్టే అంటా. ఇక్కడ భాషా గ్రూపు కదా అని పాదం అన్నా. తమ్ముడు కూడా నన్ను చూసే అన్నాడు.

అనంతపురం:

అక్క చెప్పింది నిజం, నేను కాపీ కొట్టా. పలక మీద మాత్రం "ఆరె" రాసి అంటించేశా. పాప చదివి "మరి ఆరెకు చెక్క చేయి ఉంది కదా, దాన్నేమంటారు" అంది. నేను పిడి అన్నాను. టవర్‌క్లాక్ పెద్దాయన దానికి ఇంకేదైనా అంటాడేమో. ఆదివారం ఆయన రాడు, సోమవారం అడిగి రాస్తా.