ఈ వారం సమస్య: కుక్క రక్షించె లోకాల దిక్కు నపుడు

నిర్వాహకుడు, విజయనగరం:

మిత్రులారా, ఈ వారం పాదం ఇది. దీన్ని చివరి పాదంగా ఉంచి, పైన మూడు పాదాలు మీరు పూరించాలి. ఛందస్సు తేటగీతి.

కుక్క రక్షించె లోకాల దిక్కు నపుడు

2025 జులై 11న వచ్చిన కొత్త సూపర్‌మేన్ సినిమాకి పిల్లలతో వెళ్లాను. తిరిగి వస్తుంటే గంటస్తంభం దాకా ఒకటే వాదన. వీరుడు మొదట్లోనే ఓడిపోయి, అంటార్కిటికా మంచులో పడి, ఈల వేసి కుక్కని పిలవడం మా పెద్దవాడికి అవమానంగా ఉంది. చిన్నదానికి ఆ కుక్క తప్ప ఇంకేమీ అక్కర్లేదు. 1938లో జెర్రీ సీగెల్ రాతతో, జో షూస్టర్ గీతతో పుట్టినప్పటి నుంచీ అందరినీ కాపాడటమే అతని పని. అలాంటివాణ్ని కుక్క కాపాడటమేమిటి? ఇంటికి చేరేలోపే పాదం కుదిరింది.

యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం, అంటే నాలుగో అక్షరాల గుంపు, మొదటి అక్షరం కుదరడం) ఎక్కడుందని అడిగేవారికి: కుక్క, దిక్కు. మొదటి అక్షరాలకి బదులు రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి వేశాను, తేటగీతికి చెల్లుతుంది. సినిమా మీదే రాయాలని లేదు.

రాజాం మాస్టారు:

మంచు నేలను నెత్తురు మడుగు గట్ట
ఈల వేయగ వినినంత నెగిరి వచ్చి
ఎర్ర కొంగును నోటితో నీడ్చు కొనుచు
కుక్క రక్షించె లోకాల దిక్కు నపుడు

నిర్వాహకుడు:

మాస్టారూ, అందరికంటే ముందు మీరే. భుజాల మీది వస్త్రాన్ని ‘ఎర్ర కొంగు’ అనడం నాకు చాలా నచ్చింది. ఇంగ్లీషు మాటతో పనిలేకుండా బొమ్మ కళ్ల ముందుకొచ్చింది. కానీ మొదటి పాదం దగ్గర ఆగాను. తెర మీద మడుగు కట్టేంత నెత్తురు లేదు. అదలా ఉంచితే, ఈల ఎవరు వేశారో పద్యంలో లేదు. సినిమా చూడనివారికి అర్థం కాదు. ఇలా మారిస్తే?

మంచు నేలను పడియున్న మనిషి సన్న
ఈల వేయగ వినినంత నెగిరి వచ్చి

రాజాం మాస్టారు:

ఒప్పుకున్నాను. ‘సన్న ఈల’తో ఓపిక లేదన్న సంగతి కూడా తెలిసిపోయింది. గణాలు నింపే తొందరలో మనిషినే మరిచిపోయాను.

శ్రీకాకుళం తాతగారు:

నేను వీరఘట్టంలో పుట్టినవాణ్ని. కోడి రామమూర్తి నాయుడుగారి ఊరు. ఏనుగుని ఛాతీ మీద ఎక్కించుకున్న కలియుగ భీముడి కథలు వింటూ పెరిగాను. ఇక్కడ శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే. మనవడు బతిమాలితే సినిమాకి వెళ్లాను. బలం చూద్దామని వెళితే మూలుగు వినిపించింది. నా పూరణలో నా బాధే ఉంది.

ఏనుగును రొమ్ముపై మోసి యెదురు లేని
వీరులుదయించు నేలపై వింత గాదె
మూల్గుచును మంచుపై బడి మొత్తుకొనగ
కుక్క రక్షించె లోకాల దిక్కు నపుడు

రాజాం మాస్టారు:

తాతగారూ, నడక దిట్టంగా ఉంది. మూల్గు, మొత్తు యతి కూడా సహజంగా పడింది. మీ అభిప్రాయంతో ఏకీభవించను గానీ పద్యంలో తప్పు పట్టడానికేమీ లేదు.

బొబ్బిలి అమ్మాయి, డిగ్రీ రెండో సంవత్సరం:

తాతగారికి నమస్కారం. ఈ కుక్కని సినిమావాళ్లు కొత్తగా అంటించలేదండీ. దీని పేరు క్రిప్టో, కామిక్స్‌లోకి 1955లోనే వచ్చింది. సూపర్‌మేన్ ఎర్ర నిక్కరు గురించి కూడా మా కాలేజీలో పెద్ద చర్చ. 2011లో కామిక్స్‌లో తీసేశారు, 2018లో మళ్లీ తొడిగారు, ఈ సినిమాలోనూ ఉంది. నాకైతే అది చూడగానే చిన్నప్పటి బొమ్మ తిరిగొచ్చినట్టనిపించింది. దర్శకుడు జేమ్స్ గన్ ఇంట్లో ఓజు అనే కుక్క ఉంది. ఎవరి మాటా వినని ఆ కుక్కే తెర మీద క్రిప్టోకి ఆధారం. సినిమా చూడనివారు నా పద్యం చదవకండి, చివరి సంగతి ఇందులో ఉంది. తేటగీతి రాయడం ఇదే మొదటిసారి.

చెల్లి పెంచిన దాయెను చెంత నుండి
చెప్పు మాటలు వినదాయె చేటు జేసె
ఐన కష్టము వచ్చిన వేళ వచ్చి
కుక్క రక్షించె లోకాల దిక్కు నపుడు

నిర్వాహకుడు:

తల్లీ, మొదటిసారి అంటే నమ్మలేకపోతున్నాను. ఆ కుక్క సూపర్‌మేన్‌ది కాదు, అతని పినతండ్రి కూతురిది అన్న మెలికని మూడే మాటల్లో చెప్పేశావు. మూడో పాదంలో గణాలు సరిపోయాయి, యతి తప్పింది. ‘ఐ’కి ‘వే’ కుదరదు. నాలుగో గణం మొదటి అక్షరం మీద ఎప్పుడూ కన్ను ఉండాలి.

బొబ్బిలి అమ్మాయి:

ఐన నాపద వేళలో నడుగు వేసి

ఇది సరిపోతుందా అండీ? ఐ, అ చెల్లుతాయో లేదో అని టెన్షన్‌గా ఉంది.

నిర్వాహకుడు:

చెల్లుతాయి. అ, ఆ, ఐ, ఔ ఒక్క కుటుంబం. ‘నడుగు’లో న వెనకాల దాగిన అకారమే యతికి లెక్క.

చీపురుపల్లి గురువుగారు:

నేను సినిమా చూడలేదు. సమస్య చదవగానే భారతంలో పాండవుల మహాప్రస్థానం గుర్తొచ్చింది.

తమ్ములందరు పడిపోవ తరుణి కూల
వెంట వచ్చిన తోడును విడువ ననుచు
దివిని కాదన్న ధర్మజు తెగువ మెచ్చి
కుక్క రక్షించె లోకాల దిక్కు నపుడు

రాజాం మాస్టారు:

గురువుగారూ, చెప్పడానికి జంకుతున్నాను. భారతంలో ముందు కూలింది ద్రౌపది. తర్వాతే సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు. మీ పాదంలో వరస తిరగబడింది.

చీపురుపల్లి గురువుగారు:

నిజమే నాయనా. ‘తరుణి కూలగ తమ్ములు తరలిపోవ’ అని దిద్దుకోండి.

నిర్వాహకుడు:

గురువుగారూ, నాకింకో సందేహం. అక్కడ కుక్క రూపంలో వచ్చిన ధర్ముడు పరీక్షించాడు. ‘రక్షించె’ అన్న క్రియకి ఆధారం దొరకడం లేదు. కాపాడింది ధర్మరాజు కదా? రథం తెచ్చిన ఇంద్రుడు కుక్కని వదిలి రమ్మంటే రానన్నాడు.

అయినా మీ పద్యాన్ని పక్కన పెట్టలేకపోతున్నాను. మీరు చూడలేదన్నారు గనుక చెబుతాను. సినిమా నడిమిలో విలన్ లెక్స్ లూథర్ ఆ కుక్కని ఎత్తుకుపోతాడు. అప్పుడు సూపర్‌మేన్ తనంతట తానే వెళ్లి లొంగిపోతాడు. తనని తీసుకెళ్లే చోటే కుక్క కూడా ఉండొచ్చన్న ఆశతో. అది తన కుక్క కాదు, పైగా మాట వినదు. అయినా ఎక్కడో ఒంటరిగా భయపడుతూ ఉంటుందని అతని బెంగ. మీ రెండో పాదం, ‘వెంట వచ్చిన తోడును విడువ ననుచు’, ఆ ఘట్టానికి రాసినట్టే ఉంది. సినిమా చూసి రాసినవాళ్లెవరూ అక్కడిదాకా వెళ్లలేదు. మా పెద్దవాడికి ఈ పద్యం చదివి వినిపించాను. ‘అయితే ధర్మరాజు కూడా బలహీనుడేనా?’ అని అడిగాను. ఇంకా జవాబు చెప్పలేదు, ఆలోచిస్తున్నాడు.

మందస తమ్ముడు:

అందరికీ నమస్కారం. మాది ఉద్దానం. 2018లో తిత్లీ తుపానుకి జీడి చెట్లు చాలా పడిపోయాయి, నాన్న మళ్లీ మొక్కలు వేశారు. తోటలకి ఎలుగుబంట్లు వస్తాయి, అందుకే ఒంటరిగా ఎవరూ వెళ్లరు. ఓ రోజు నాన్న తెల్లారకుండానే వెళ్లారు.

జీడి తోటకు వేకువ జేరు రైతు
మీద కెలుగొచ్చి దూకగ మెరుపు వోలె
అడ్డమై నిల్చి మొరిగిన దన్నదాత
కుక్క రక్షించె లోకాల దిక్కు నపుడు

నిర్వాహకుడు:

తమ్ముడూ, ముందు నాన్నగారు కులాసాయేనా చెప్పు.

పద్యం సంగతి. మూడో పాదం చివర ‘అన్నదాత’ దగ్గర ఆగి, నాలుగో పాదంలో ‘కుక్క’ అని అందుకుంటే, మొరిగినది అన్నదాత కుక్క అని ఒక వాక్యం అయిపోతుంది. ‘రక్షించె లోకాల దిక్కు నపుడు’ విడిగా నిలబడుతుంది. నేనిచ్చిన పాదాన్ని రెండుగా విరిచి, లోకాలకి దిక్కు అన్నం పెట్టేవాడే అనిపించావు. పాదం ఇచ్చినప్పుడు నాకిది తట్టలేదు. ‘ఎలుగొచ్చి’ వాడుక మాట అని ఎవరైనా అంటే మార్చకు, అది మీ తోటలో మాట. ‘మెరుపు వోలె’ మాత్రం అందరూ వాడి వాడి అరిగిపోయింది. ‘మేను పెంచి’ అని చూడు. యతీ నిలుస్తుంది, లంకలో హనుమంతుడూ గుర్తొస్తాడు.

మందస తమ్ముడు:

నాన్న బాగున్నారండి. చేతి మీద గీరింది, అంతే. ‘మేను పెంచి’ అన్నది అచ్చం అప్పుడు జరిగిందే. ఒళ్లంతా వెంట్రుకలు లేచి మా కుక్క రెట్టింపు కనిపించిందట. ఆ పూట నాన్న తన చద్దన్నం దానికి పెట్టేశారు.

శ్రీకాకుళం తాతగారు:

మందస బాబు పద్యం మనవడి చేత రెండుసార్లు చదివించుకున్నాను. నా పూరణలో ఒక్క అక్షరం మారుస్తున్నాను. మిగతాదంతా అలాగే ఉంచండి.

ఏనుగును రొమ్ముపై మోసి యెదురు లేని
వీరులుదయించు నేలపై వింత గాదు