అప్‌డేట్: నల్లార్‌బోర్ దారిలో యూహెచ్‌ఎఫ్ రేడియో

ఆస్ట్రేలియాలో అడిలైడ్ నుంచి నల్లార్‌బోర్ మైదానం మీదుగా పెర్త్‌కి కారులో వెళ్తున్నాం, యూహెచ్‌ఎఫ్ సీబీ రేడియో (దారిలో బండ్లవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే వాకీటాకీ లాంటిది) కొనాలా, ఏ ఛానెల్‌లో ఉండాలి అని అడిగాను కదా. క్షేమంగా చేరాం. కొనండి, తప్పకుండా. మేం 5 వాట్ల సెట్ బిగించుకున్నాం. విడిగా లైసెన్స్ అక్కర్లేదు.

ట్రక్కు డ్రైవర్లు ఎక్కువగా ఛానెల్ 40లో ఉంటారు, మేమూ అదే పెట్టుకున్నాం. బాలడోనియా–కైగునా మధ్య ఒక్క మలుపూ లేని 146 కిలోమీటర్ల రోడ్డులో ఓ రోడ్ ట్రెయిన్ (వరసగా ట్రెయిలర్లు లాగే పొడవాటి ట్రక్కు) వెనక చిక్కుకున్నాం. మావారు మైకు నొక్కి, "మీ వెనక తెల్ల కారు మాది, దాటొచ్చా?" అన్నారు. "ఆగండి, ఎదురుగా వెడల్పు లోడు వస్తోంది" అన్నాడా డ్రైవర్. కాసేపటికి సగం ఇల్లు మోసుకుంటూ ఓ ట్రక్కు ఎదురొచ్చింది! అది దాటాక ఆయనే స్పీడు తగ్గించి రమ్మన్నాడు. అయినా ఎదర రోడ్డు మన కళ్లతో చూసుకున్నాకే దాటాలి.

థాంక్స్ చెప్పి మైకు వదిలేయండి. 40లో కబుర్లు వద్దు, పిల్లలకి మైకు అసలే ఇవ్వొద్దు. కారవాన్ల (కారు వెనక తగిలించుకునే ఇంటి బండ్ల) వాళ్లు మాట్లాడుకోవడానికి 18 ఉంది. 5, 35 ఎమర్జెన్సీకి మాత్రమే, అది చట్టం. తూర్పున పసిఫిక్ హైవే మీద వెళ్లేవాళ్లు 29 కూడా చూసుకోండి.