సమస్య: “కనులు పోయినపుడె కాంతి దోచె” – మేట్రిక్స్ మూడో భాగం మీద పూరణలు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది పద్యానికి నాలుగో పాదం, మిగతా మూడూ మీరు పూరించాలి. ప్రాస పట్టింపు లేదు, యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఓ అక్షరం జత కుదరడం) మాత్రం తప్పకూడదు. విషయం మేట్రిక్స్ రివల్యూషన్స్. 2003 నవంబర్ 5న ప్రపంచమంతా ఒకే గంటకి విడుదల చేశారు, రెండో భాగం రీలోడెడ్ వచ్చి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. 1999లో మొదటి భాగం చూసొచ్చి, మాయ అంటే ఇదేరా అని తెల్లవార్లూ మాట్లాడుకున్న నలుగురమే హైదరాబాద్‌లో దీనికీ వెళ్ళాం. ఆట వదిలాక పార్కింగ్‌లో బండ్లు తీస్తుంటే ఎవరి నోటా ఒక్క మాట రాలేదు. 2021లో నాలుగోది వచ్చింది నిజమే, కానీ నా మటుకు ఆ కథ మీద ఆశ ఆ పార్కింగ్‌లోనే అయిపోయింది.

“దోచె”కి రెండర్థాలున్నాయి, గమనించండి: తోచింది, దోచుకుంది.

గుంటూరు తమ్ముడు:

వైరి నౌక దూరి వాని కన్నులు గాల్చ
చిమ్మచీకటందు చిక్కి నిలిచి
యంత్రనగర మెల్ల నగ్నివర్ణము దాల్చ
కనులు పోయినపుడె కాంతి దోచె

బేన్ అనే మనిషి ఒంట్లో దూరిన విలన్ స్మిత్ కరెంటు తీగతో హీరో నియో కళ్ళు కాల్చేస్తాడు కదా, ఆ సన్నివేశం.

రాజమండ్రి మాస్టారు:
బాగుంది నాయనా, యతులన్నీ కుదిరాయి. యంత్ర–అగ్ని చూసి ముచ్చటేసింది. ఒక్కటే లోపం: “నిలిచి” నియో చేసే పని, “తోచె” కాంతి చేసే పని, కర్తలు వేరైపోయారు. “చిక్కి నిలువ” అను, గణం చెడదు, అన్వయం కుదురుతుంది.

వరంగల్ అక్క:
నేను “దోచె”ని దోచుకోవడం అనే అర్థంలోనే పట్టుకున్నాను.

మొదటి చిత్ర మిచ్చె మూడవ నేత్రమ్ము
మూడవదియె వచ్చి మూసె దాని
గుండ్ల వానలోన గుట్టు కొట్టుకుపోయె
కనులు పోయినపుడె కాంతి దోచె

మనుషుల ఆఖరి నగరం జయాన్ రేవులో యంత్రాలతో ఆ యుద్ధం ఎంతసేపు సాగిందో గుర్తుందా? కెప్టెన్ మిఫునే ఇనుప కవచంలో కూర్చుని గుండ్లు కురిపిస్తూనే ఉంటాడు, కుర్రాడు పరుగెత్తి గుండ్లు అందిస్తూనే ఉంటాడు, నియో, అతని ప్రియురాలు ట్రినిటీ అసలు తెర మీదే లేరు. ఏది నిజం, ఎవరు కలలో ఉన్నారు అనే ప్రశ్న కోసం టికెట్ కొన్నవాళ్ళం మేము. నియోకి గురువైన మార్ఫియస్‌ని ఓడలో పక్కసీటు మనిషిని చేసి కూర్చోబెట్టారు, అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

రాజమండ్రి మాస్టారు:
అమ్మా, మొదటి రెండు పాదాలకు దణ్ణం. “కొట్టుకుపోయె” వాడుక మాట, గ్రాంథికంలో ఒప్పుకోరు, అయినా ఆ చోట అదే బలంగా ఉంది, నేనైతే మార్చను.

డల్లాస్ నుంచి ఒకరు:
అక్కా, మొత్తం దోచేసింది అంటే ఒప్పుకోను. స్మిత్‌ని కొట్టి గెలవకుండా తనని తానే అప్పజెప్పుకుని గెలవడం గొప్ప ఆలోచన. ఆఖర్న పేర్లు పడుతున్నప్పుడు మన ఉపనిషత్తు వినిపిస్తుంది, అది విని హాల్లో లేచినవాణ్ణి మళ్ళీ కూర్చున్నాను. రైల్వే స్టేషన్‌లో అమ్మానాన్నలతో కూర్చున్న సతి అనే పిల్లనీ ఇందులోకి తెచ్చాను. పద్యం రాయడం నాకిదే మొదటిసారి:

తమము నుండి వెలుగు దారి చూపు మనుచు
ఉపనిషత్తు వాణి వినగ వచ్చె
చిట్టి బాల సతియె చిత్రించె నుదయమ్ము
కనులు పోయినపుడె కాంతి దోచె

రాజమండ్రి మాస్టారు:
మొదటిసారికి ఇంత చక్కగా రావడం మాటలు కాదు బాబూ. రెండో పాదంలో ఉ–వి యతి చెల్లదు. “వేదవాణి యపుడు వినగ రాగ” అంటే వే–వి కుదురుతుంది, ఉపనిషత్తు వేదాంతమే కనుక అర్థమూ పోదు. ఆ సతి పిల్లని గుర్తుపెట్టుకుని పద్యంలోకి తెచ్చావు చూడు, అది నీ సొంతం.

నిర్వాహకుడు:
డల్లాస్ తమ్ముడూ, ఆలోచన గొప్పదే, కాదనను. నా బాధంతా ఏ సన్నివేశానికి ఎంత సమయం ఇచ్చారన్నదే. ట్రినిటీ ఓడని మబ్బుల పైకి ఎగరేస్తుంది, పుట్టాక మొదటిసారి నిజమైన ఆకాశం చూస్తుంది, బావుంది అంటుంది. పక్కనే ఉన్న నియోకి కళ్ళు లేవు. మూడు సినిమాల కథంతా ఆ ఇద్దరి మధ్య సీటంత జాగాలో ఉంది, వెంటనే ఓడ కిందికి దూకేస్తుంది. గుండ్ల మోతలోంచి ఒక్క రెండు నిమిషాలు తెచ్చి ఇక్కడ పెట్టి ఉంటే ఆ పార్కింగ్‌లో మేం నోరు మూసుకుని నిలబడేవాళ్ళం కాదు. తర్వాత ఆమె చనిపోతూ అంతసేపు మాట్లాడినా నా కంట తడి రాలేదు, కానీ ఆ ఆకాశం తలుచుకుంటే ఇప్పుడూ గొంతు పట్టేస్తుంది. నా పూరణ దాని మీదే, మాస్టారు దిద్దాలి:

మబ్బు దాటి పడతి మార్తాండు గాంచగ
పక్క నున్న వాడు పలుక డయ్యె
తాను చూడలేని దానిని తలపోయ
కనులు పోయినపుడె కాంతి దోచె

రాజమండ్రి మాస్టారు:
దిద్దడానికేం లేదు. ఆ సినిమా నేను చూడలేదు, ఈ ఆదివారం మనవడి చేత పెట్టించుకుంటాను. ఆ మబ్బుల ఘట్టం ఎన్నో నిమిషంలో వస్తుందో చెప్పండి.