శాలువా పడని సార్‌కు రిటైర్మెంట్‌కు ఏమివ్వాలి?

మర్రిగూడ ఆడబిడ్డ:

మా బయాలజీ సార్ వచ్చే నెల రిటైర్ అవుతున్నారు. ఆయన దగ్గర 1999లో పది పాసైన బ్యాచ్ మాది. వాట్సాప్ గ్రూపులో 26 మందిమి ఉన్నాం. తలా వెయ్యి వేసుకుందామనుకున్నాం గానీ ఏం కొనాలో తేలట్లేదు. శాలువా అంటే సార్‌కు పడదు. ఒకసారి గురుపూజోత్సవంలో ఎవరో కప్పితే, స్టేజీ దిగకముందే తీసి అటెండర్ భుజాన వేశారట, "చలికాలం నీకే పనికొస్తది" అని. ఉంగరం, వాచీ లాంటివి ఇస్తే తిట్టి పంపిస్తారు.

సార్ ఎలాంటి మనిషో చెప్తే మీకే ఏదైనా తట్టొచ్చు. మాకు అప్పట్లో బోరింగు నీళ్లే దిక్కు. మేం ఎనిమిదిలో ఉన్నప్పుడు సార్ కొత్తగా వచ్చారు. వచ్చిన వారానికే, ఇంటి దగ్గరి బోరింగు నీళ్లు ఒక్కో సీసా పట్టుకు రమ్మన్నారు. దగ్గు మందు సీసాలు కడిగి తెచ్చాం. వాటికి తెల్ల ప్లాస్టర్ అంటించి, మా పేర్లు కాకుండా బోరింగు ఎక్కడుందో రాయించారు: "హనుమాండ్ల గుడి ముందర", "కల్లు దుకాణం వెనక". అన్నీ సంచీలో సర్దుకుని బస్సులో నల్గొండ తీసుకుపోయి పరీక్ష చేయించి, వచ్చిన అంకెలు బోర్డు మీద రాశారు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దు. మా గుడి ముందరిది 5 దాటింది.

అప్పటిదాకా పళ్ల మీద ఆ గోధుమరంగు మచ్చలు మా తప్పే అనుకునేదాన్ని. సరిగా తోముకోవని అమ్మ రోజూ తిట్టేది. నేను బొగ్గు పెట్టి చిగుళ్లు రక్తం కారేలా తోమేదాన్ని. చిన్నప్పుడు పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతుండగానే ఆ ఫ్లోరైడ్ నీళ్ల వల్ల పట్టే మచ్చ అది, తోమితే పోదని సార్ చెప్పారు. ఆ సాయంత్రం ఇంటికి పోయి అమ్మకు క్లాసు పీకాను.

తర్వాత నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి డ్రమ్ము తెచ్చారు. నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్లు కనిపెట్టిన పద్ధతి, దాని పేరే నల్గొండ టెక్నిక్. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి, కలిపి, కదపకుండా వదిలేస్తే తెల్లటి మడ్డి అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు పట్టుకోవాలి. నీళ్లను బట్టి పటిక మోతాదు మారుతుంది కాబట్టి, సార్ ల్యాబ్ త్రాసులో తూచి కాగితం పొట్లాలు కట్టేవారు. కలపడం నా డ్యూటీ. "మెల్లగ తిప్పు, పప్పు ఎనపుతున్నవా?" అనేవారు.

పది కాగానే నాయిన సంబంధం చూశాడు. సార్ మా ఇంటికి మూడు సాయంత్రాలు వచ్చారు. మూడు రోజులూ మా బర్రె గురించే మాట్లాడారు, చదువు మాటే లేదు. నాలుగో రోజు నాయినే ఉండబట్టలేక, "సారూ, మీరెందుకొస్తున్నరో నాకెర్కనే. సదివిస్తలే" అన్నాడు. ఇప్పుడు నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. సీసా మీద లేబుల్ అంటించిన ప్రతిసారీ ఆ ప్లాస్టర్ ముక్కలు గుర్తొస్తాయి.

ఇంకొక్కటి. మా టెన్త్ గ్రూపు ఫొటోలో 42 మందిమి ఉన్నాం. ఫొటోగ్రాఫర్ నవ్వమని ఎంత మొత్తుకున్నా ఎవరమూ నోరు తెరవలేదు. సార్‌దీ ఈ చుట్టుపక్కల ఊరే, ఆయన పళ్లూ మాలాంటివే. ఆ ఫొటోలో పళ్లు కనిపించేది ఒక్క సార్‌వే.

ఏమిద్దామంటారు?

పంతులుగారి పెన్ను:

నేనూ సర్కారు బడి టీచర్‌నే. నా మాట వింటే వస్తువులు వద్దు. రిటైరైన ప్రతి టీచరు ఇంట్లో అద్దం కట్టించిన సన్మాన పత్రాలు బీరువా వెనక దుమ్ము పట్టి ఉంటాయి. 26 మందీ తలా ఒక పేజీ చేతిరాతతో రాయండి. మీరు పైన రాసిన బర్రె సంగతి లాంటివి. ఫోన్‌లో టైపు చేసి ప్రింటు తీయొద్దు. పైన ఒక ఎర్ర పెన్ను పెట్టి ఇవ్వండి, తప్పులు దిద్దకుండా ఆయన ఉండలేరు. ఫ్లెక్సీ మాత్రం కట్టకండి, దండం పెడతా.

పాలమూరు లేబర్ కొడుకు:

చదువుతుంటే కొంచెం కుళ్లుగా ఉంది. మాది నారాయణపేట దిక్కు. దసరా కాగానే మా అమ్మానాయినలు బొంబాయి బస్సెక్కేవాళ్లు, నేనూ వెంట పోయేవాణ్ని. తిరిగొచ్చేసరికి మా బడిలో పేరు కొట్టేసేవారు, ఎక్కడికి పోయినవని అడిగినవాళ్లు లేరు. తొమ్మిదిలో ఒక తెలుగు మేడమ్ మాత్రం అడిగింది. ఆ ఏడు నన్ను నానమ్మ దగ్గర ఉంచమని నాయిన బస్సెక్కే చోటికే వచ్చి చెప్పింది. ఆమెకు నేను ఏమీ ఇవ్వలేదు, ఇప్పుడు ఎక్కడుందో కూడా తెలియదు. మీ సార్ ఎదురుగా ఉన్నారు కదా, ఏదిచ్చినా పర్లేదు, ముందు అందరూ పోండి.

చండూరు 2008:

పటిక పొట్లాలు అనగానే అర్థమైంది! ఆ సార్ ట్రాన్స్‌ఫర్ మీద మా బడికి వచ్చారు. మాకూ అదే డ్రమ్ము, అదే పప్పు డైలాగు. పరీక్షల టెన్షన్‌లో ఉన్న మాకు రాత్రి స్టడీలో అటుకుల పోపు చేసి పెట్టేవారు, ఉప్పు ఎప్పుడూ ఎక్కువే. నన్నడిగితే ఆ ఫొటో మళ్లీ దిగండి. అదే బడిలో, అదే వరుసల్లో.

మర్రిగూడ ఆడబిడ్డ:

గ్రూపులో పెట్టాను, అందరూ ఫొటోకే ఓటేశారు. ఉత్తరాలు కూడా ఇస్తాం, ఎర్ర పెన్ను కొన్నాం. మిగిలిన డబ్బుతో ఆ బడి ల్యాబ్‌కు కొత్త త్రాసు. సార్‌కు చెప్పకుండా, పాత బడి చూసొద్దాం రమ్మని మాత్రం పిలిచాం. ఇప్పుడు ఊళ్లో నల్లాల్లో కృష్ణా నీళ్లే వస్తున్నాయి, ఆ బడి పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. వాళ్లను ముందు వరుసలో కూర్చోబెడతాం.

మా వెనక వరుసవాడు ఒకడు అప్పుడే మెసేజ్ పెట్టాడు: "నోరు మూసుకొని దిగితే నడుస్తదా?"