‘దాపల’ అంటే దగ్గరా, ఎడమా?

లండన్ తెలుగోడు:
మొన్న ఆదివారం విల్ట్‌షైర్‌లో స్టౌర్‌హెడ్ చూడ్డానికి వెళ్లాం. మేడ చూసి, కొండ దిగి, చెట్ల మలుపు తిరిగామో లేదో ఎదురుగా చెరువు. అవతలి ఒడ్డున గుండ్రటి కప్పు, ముందు స్తంభాల వరస ఉన్న గుడి, దాని నీడ నీళ్లలో తలకిందులుగా. ‘అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దాపల మందారవనాంతరామృతసరః...’ పోతన్న గజేంద్రమోక్షం పద్యం దానంతట అదే నోట్లోకి వచ్చేసింది. మా అమ్మాయి ‘దాపల అంటే ఏంటి నాన్నా?’ అంది. ‘దగ్గర’ అనేశాను. అన్నాక అనుమానం. మా ఊళ్లో దాపటెద్దంటే ఎడమ పక్క ఎద్దు. ఇంతకీ ఆ వనం మేడకి దగ్గరా, ఎడమా? (సినిమా సంగతి ఎత్తేవాళ్లు పక్క గుంపుకి వెళ్లండి.)

పాత మాస్టారు:
దగ్గరే నాయనా. దాపు, దాపున, దాపల. మాకు చెప్పినవాళ్లు ‘సమీపంలో’ అనే చెప్పారు.

నాగలి:
మాస్టారూ, మన్నించాలి. దగ్గరైతే ‘దాపున’. ‘దాపల’కి జోడీ ‘వలపల’. కాడికి అటొకటి ఇటొకటి. ‘హాలికులైన నేమి’ అన్నాయనకి ఎలపట దాపట తెలియవా?

ప్రాసలక్ష్మి:
తగువంతా ఆ ‘ల’ దగ్గరే ఉంది. మత్తేభం కదా, రెండో అక్షరాలు చూడండి: అల, పల, త్పల, హ్వల. ‘దాపున’ అంటే ప్రాస పోయె. ‘ల’ని తెచ్చింది ప్రాసే, ఎద్దులు కాదు.

నాగలి:
పోతన్న ప్రాస కోసం తడుముకున్నాడా! ‘మందార మకరంద మాధుర్యమున’ అని ధారగా పోసినాయన?

ప్రాసలక్ష్మి:
అది సీసమండీ. సీసానికి ప్రాస నియమం లేదు 🙂

సీమ బిడ్డ:
సరే, ఎడమే అనుకుందాం. ఎవరికి ఎడమ? గడపలో నిలబడి బయటికి చూసే స్వామికా, కింద మడుగులోంచి పైకి చూసే ఏనుగుకా?

లండన్ తెలుగోడు:
ఇక్కడైతే రెండూ కుదరవు. మేడ ముఖం తూర్పుకి. తోట పడమటి వైపు లోయలో ఉంది, మేడలోంచి కనపడదు కూడా. మేడ కట్టడం 1721లో మొదలైంది. తోట వేసింది మేడ కట్టించినాయన కొడుకు, రెండో హెన్రీ హోర్ అనే బ్యాంకరు, 1740ల నుంచి. చిత్రం ఏంటంటే, అప్పటి పద్ధతిలో చెరువు చుట్టూ అప్రదక్షిణంగా తిరగాలి. ముందు ఫ్లోరా గుడి, తర్వాత గుహ, పాంథియన్ (ఇందాక చెప్పిన గుండ్రటి కప్పు గుడి), చివర అపోలో గుడి. అలా తిరిగితే నీళ్లు ఎప్పుడూ మన ఎడమ చేతి వైపే!

నాగలి:
చూశారా. దాపల అమృతసరస్సు. కేసు కొట్టేశాం.

పాత మాస్టారు:
నడిచేవాడి ఎడమకీ సౌధం ఎడమకీ ముడిపెడతావేమయ్యా! పద్యంలో ఎవరూ నడవటం లేదు. స్వామి పరుగెత్తడం ‘సిరికిం జెప్పడు’లో.

ఓరుగల్లు పోరడు:
ఒక్క మాట. స్టౌర్ నది ఊటలకు కట్ట వేసి నీళ్లు ఆపిండు కదా ఆ హోర్ దొర? గట్లయితే అది సరస్సు కాదు, చెరువు. మమ్ములనడుగుండ్రి. పోతన్న ఊరు బమ్మెర మాదే.

సీమ బిడ్డ:
ఒంటిమిట్ట వాళ్లు వినలేదనుకున్నారా?

నిర్వాహకుడు:
బమ్మెర, ఒంటిమిట్ట గొడవ మళ్లీ మొదలైతే చర్చ మూసేస్తాను. పోయిన దీపావళికి అయిన అనుభవం చాలు.

ఓరుగల్లు పోరడు:
సరే అన్నా. ఇంకో అనుమానం. మొదటి పాదం కాడ కలం ఆగితే స్వామే వచ్చి పూర్తి చేసిండని కథ ఉంది కదా. ‘దాపల’ రెండు పాదాలకి చీలింది. అంటే ‘దా’ పోతన్నది, ‘పల’ స్వామిది. అర్థం ఆయన్నే అడగాలె!

ప్రాసలక్ష్మి:
😂 ఇదొక్కటే ఒప్పుకుంటాను. స్వామి కూడా ప్రాస తప్పలేదు, గమనించండి.

లండన్ తెలుగోడు:
ఫ్లోరా గుడి ద్వారం మీద లాటిన్‌లో రోమన్ కవి వర్జిల్ మాట చెక్కి ఉంది: దూరం, దూరంగా ఉండండి, పవిత్రులు కానివాళ్లారా అని. అక్కడ దూరం, ఇక్కడ దాపల. గుహలో ఇంకా బాగుంది. చల్లటి చీకట్లో తెల్లటి అప్సరస విగ్రహం, చెయ్యి తల కింద పెట్టుకుని నిద్రపోతోంది, కింద నుంచి ఊట నీళ్లు. నా నిద్ర చెడగొట్టకు, మెల్లగా అడుగు వెయ్యి అని పోప్ కవి మాటలు ముందు చెక్కారు. మా అమ్మాయి చెప్పులు విప్పి చేత పట్టుకుంది.

పాత మాస్టారు:
అదిగో, పర్యంకం. అసలు అడగాల్సింది అదయ్యా. ‘ఇందుకాంతోపలోత్పలపర్యంక’: చంద్రకాంత శిల మీద కలువల పాన్పా, శిలే పాన్పా?

నాగలి:
మాస్టారూ, దాపల తేలకుండా ముందుకి పోనివ్వను.

సీమ బిడ్డ:
‘మూల సౌధం’ కూడా తేలలేదు. మూలనున్నదా, ముఖ్యమైనదా?