ఉమ్మడి రెవిట్ మోడల్‌లో యాడ్-ఇన్ దొరికినంత మేరకు మార్చాలా, పని మొత్తం ఆపాలా?

ప్లగిన్ రచయిత, మొగల్రాజపురం
భవన నమూనాలు తయారుచేసే రెవిట్ సాఫ్ట్‌వేర్‌కు అదనంగా చేర్చేందుకు, తలుపులకు వరుస నంబర్లు ఇచ్చే యాడ్-ఇన్‌ను మా కార్యాలయం కోసం సీ-షార్ప్‌లో రాస్తున్నాను. సెంట్రల్ మోడల్ (అందరూ పంచుకునే మూల ఫైలు) విజయవాడలోని సర్వర్‌లో ఉంటుంది, గుంటూరు బ్రాడీపేట శాఖ వారు వీపీఎన్ ద్వారా అదే మోడల్‌లో పని చేస్తారు. ఒక ఎలిమెంటును (తలుపు, గోడ వంటి భాగాన్ని) ఎవరైనా మారిస్తే, వారు సింక్ చేసి (తమ మార్పులను సెంట్రల్‌కు పంపి) వదిలేదాకా అది వారి పేరిటే ఉంటుందన్న సంగతి అందరికీ తెలిసిందే. ఇతరుల పేరిట ఉన్న తలుపులను వదిలేసి, మిగిలిన వాటికి నంబర్లు వేసి, వదిలేసినవాటి జాబితాను తెరపై చూపితే చాలునని నా అభిప్రాయం. సాయంత్రం ఎవరో సింక్ చేయకుండా ఇంటికి వెళ్లిపోతే, ఆ ఒక్క తలుపు కోసం అంతస్తంతా ఆగిపోవడం న్యాయమా?

బిమ్ (భవన సమాచార నమూనా) కోఆర్డినేటర్, గుంటూరు
న్యాయమే. వరుస నంబర్లలో ఒకదాని విలువ మరొకదానిపై ఆధారపడి ఉంటుంది. మీరు వదిలేసిన తలుపు పాత నంబరు డి-112తోనే ఉంటుంది, కొత్త లెక్క ప్రకారం కారిడార్ చివరి తలుపుకూ డి-112 పడుతుంది. మార్క్ (తలుపు నంబరు రాసే గడి) విలువ రెండుచోట్ల ఒకటే ఉంటే రెవిట్ హెచ్చరిక ఇస్తుందే గాని అడ్డుకోదు, ఆ హెచ్చరికలను మన డ్రాఫ్టర్లలో ఎందరు తెరిచి చదువుతారో మీకూ తెలుసు. డోర్ షెడ్యూల్‌లో (తలుపుల పట్టికలో) ఒకే నంబరు కింద 900 మి.మీ. తలుపు ఒకటి, 750 మి.మీ. బాత్‌రూమ్ తలుపు ఒకటి కనిపిస్తే, వడ్రంగి ఏ కొలతకు చెక్క కోయాలి? సగం సరైన షెడ్యూల్ కన్నా పాత షెడ్యూలే మేలు, పాతదని కనీసం అందరికీ తెలుస్తుంది.

ప్లగిన్ రచయిత, మొగల్రాజపురం
నంబర్ల విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. కానీ ఫైర్ రేటింగ్, తాళం రకం వంటి విలువలు దేనికది విడిగా ఉంటాయి కదా. అక్కడ ఆపడం వల్ల ఒరిగేదేమిటి? నంబర్ల ఆదేశానికైతే, ముందుగా ప్రతి తలుపు స్థితిని తనిఖీ చేసి, ఒక్కటి ఇతరుల పేరిట ఉన్నా వారి పేరు చూపి ఆపేస్తాను.

ఏపీఐ వాడుకరి, ఆటోనగర్
ఆ తనిఖీని నమ్ముకోవడం దగ్గరే చిక్కుంది. ఎలిమెంటు ఎవరి పేరిట ఉందో చెప్పే గెట్‌చెకౌట్‌స్టేటస్ ఇచ్చేది మీ యంత్రంలో దాచి ఉన్న సమాచారం మాత్రమే. వాడుకరికి చూపడానికి అది సరిపోతుంది గాని, ఈ క్షణాన మార్చవచ్చా లేదా అన్నదానికి అది రుజువు కాదని ఏపీఐ (ప్రోగ్రాములు రెవిట్‌ను నడిపే ఆదేశాల సమితి) పత్రాలే చెబుతున్నాయి. ఖచ్చితంగా తెలియాలంటే చెకౌట్‌ఎలిమెంట్స్‌ను పిలవాలి. అది అడిగినవాటిలో వీలైనన్నింటిని మీ పేరిట చేర్చి, దక్కినవి ఏవో తిరిగి చెబుతుంది. ఒక్కో తలుపుకూ విడిగా పిలవకండి. ప్రతి పిలుపూ సెంట్రల్ దాకా వెళ్లి రావాలి కాబట్టి, బ్రాడీపేట నుంచి ఆ ప్రయాణానికి పట్టే సమయంలో వాడుకరి రెవిట్ చచ్చిపోయిందనుకుంటాడు. అన్నింటినీ ఒకే పిలుపులో పంపండి.

ఎలిమెంటు మీ పేరిట చేరినంత మాత్రాన మార్చగలరని కూడా కాదు. వేరొకరు దాన్ని సెంట్రల్‌లో మార్చి ఉండి, మీరు ఇంకా రీలోడ్ లేటెస్ట్ చేయకపోతే (తాజా మార్పులను తెచ్చుకోకపోతే) మీ దగ్గరున్న కాపీ పాతబడినట్లే. అందుకే చెకౌట్ తర్వాత, సెంట్రల్‌లో అది మారిందో లేదో చెప్పే గెట్‌మోడల్‌అప్‌డేట్స్‌స్టేటస్‌ను కూడా చూడక తప్పదు.

ఇక కోఆర్డినేటర్ గారి పద్ధతిలో ఆపేస్తే, అప్పటికే మీ పేరిట చేరిన తలుపులు వాటంతటవే తిరిగిపోవు. ఒక్క తలుపు దొరకలేదని ఆగిన యాడ్-ఇన్ మిగతా తలుపులన్నింటినీ పట్టుకుని కూర్చుంటే, రేపు ఉదయం అందరినీ అడ్డుకునేది మీరే అవుతారు.

బిమ్ కోఆర్డినేటర్, గుంటూరు
ఆపిన వెంటనే రిలింక్విష్ చేయిస్తే (పట్టుకున్నవాటిని వదిలేయిస్తే) సరిపోదా?

ఏపీఐ వాడుకరి, ఆటోనగర్
రిలింక్విష్‌ఓనర్‌షిప్‌కు ఫలానా తలుపులను మాత్రమే వదలమని చెప్పే వీలు లేదు. బారో చేసిన (మీ పేరిట తీసుకున్న) ఎలిమెంట్లన్నీ, లేదా ఫలానా రకం వర్క్‌సెట్లు (ఎలిమెంట్ల గుంపులు) అన్న స్థాయిలోనే ఎంపికలు ఉంటాయి. మార్చినవాటిని అది ముట్టుకోదు గాని, వాడుకరి కావాలని పట్టుకుని ఇంకా మార్చనివి కూడా జారిపోతాయి.

ప్లగిన్ రచయిత, మొగల్రాజపురం
అయితే రెండు ఆదేశాలుగా విడదీస్తాను. విడి విలువలు రాసేది దొరకనివాటిని వదిలేసి జాబితా ఇస్తుంది. నంబర్లు వేసేది అన్నీ దొరికితేనే వాటిని ఒకే ట్రాన్సాక్షన్‌లో మారుస్తుంది, ఒక్కటి తగ్గినా ఏదీ మార్చదు. ఆగినప్పుడు మాత్రం, మీరు పట్టుకున్న ఇతర ఎలిమెంట్లు కూడా చేజారవచ్చని ముందుగా చెప్పి, వదలాలా వద్దా అని వాడుకరినే అడుగుతుంది.

బిమ్ కోఆర్డినేటర్, గుంటూరు
ఆ పెట్టెలో ముందే ఎంపికై ఉండే బటన్ “వదులు” కావాలి. ఎంటర్ నొక్కి భోజనానికి వెళ్లిపోయేవారే మా దగ్గర ఎక్కువ.